మెదడు మర్మము నెఱుగు విద్య



మా హైదరాబాదు పాతనగరమున దారుల్‌షిఫా యను పేట యొకటి కలదు. ఆ మాటకు స్వస్థత నొసగు గృహమని యర్థము. 1591వ సంవత్సరమున చార్మినారును గట్టించి నగరమునకు పునాది వేసిన మహమ్మదు కులీ కుతుబ్‌షా కాలమున నచట వైద్యశాల వెలసినది. దానినిబట్టియే పేటకా పేరు వచ్చినది. చాలకాలము పిమ్మట, మూసీనది కావలియొడ్డున అఫ్జల్‌గంజిలో 1866లో పాశ్చాత్యపద్ధతి ననుసరించు ఆసుపత్రి యేర్పడెను. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి మూసీ వఱద దానిని కూల్చివైచినది. పిదప ఏడవ నిజాము పాలనమున ఉస్మానియా ఆసుపత్రి భవనము లేచినది. నాలుగు శతాబ్దులకు మించిన యీ చరిత్రలో ఈ నగరపు వైద్యులు ఎన్ని జ్వరములనో, ఎన్ని వ్రణములనో మాన్పిరి. కాని వృద్ధుడొకడు కన్నబిడ్డ పేరే మఱచినపుడు ఆతని తలలో నేమి జరుగుచున్నదను ప్రశ్నకు హకీముగాని, ఆయుర్వేద వైద్యుడుగాని, డాక్టరుగాని చాలకాలము బదులు చెప్పలేకుండిరి. నాడి చేతి కందును. నాలుక కంటికి గనబడును. మెదడు మాత్రము ఎముకల పెట్టెలో తాళమువేసి దాచిన సొమ్మువలె నుండెను.

ఆ పెట్టెను పగులగొట్టకయే లోపలి సంగతి తెలిసికొను విద్య యొకటి మన కాలమున పుట్టినది. ఎమ్మారై స్కానను మాట నేడు పల్లెలలో గూడ వినబడుచున్నది. ఆ యంత్రముతోనే, బొమ్మ తీయుటకు బదులుగా, మెదడులోని రసాయనద్రవ్యములను లెక్కించు పద్ధతి కలదు. దానిని అయస్కాంత అనునాద వర్ణపటవిద్య యందురు. వైద్యులు ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీ యని వ్యవహరింతురు. దాని చరిత్రను, అందు మన తెలుగువాని పాలును నేడు మనవి చేసెదను.

ఈ సంగతి మన కేల యందురేమో! షాలిబండలో మా వీధియందొక వృద్ధ పౌరాణికులుండిరి. భారతమును పుస్తకము ముట్టకయే చెప్పగలవారు. డెబ్బదియేండ్లు దాటిన పిదప ఒకే ప్రశ్నను గడియలో నాలుగుమార్లు అడుగసాగిరి. లాల్‌దర్వాజా గుడికి బోయి యింటిదారి తెలియక నిలిచిపోవుచుండిరి. భోజనముచేసి చేయి కడిగికొనిన కొంతసేపటికే ఇంక అన్నము పెట్టలేదని యలిగెడివారు. ఇంటివారు మొదట చాదస్తమనిరి, తరువాత కావలెనని చేయుచున్నారనిరి, తుదకు కసరుకొనసాగిరి. నాబోటి ఇరుగుపొరుగువారము వయసుతో వచ్చునదేలే యని యూరకుంటిమి. ఇట్టి వృద్ధులు ప్రతి యూరను గలరు. 60 ఏండ్లు దాటిన భారతీయులలో నూటికి సుమారు 7.4 మంది యిట్టి మతిభ్రంశముతో నున్నారనియు, వారి సంఖ్య 88 లక్షలనియు 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన అంచనా వేసినది. కావున నిది ఒక యింటి కథ కాదు.

ఈ రోగముల నెఱుగుటకు మానవుడు పడిన పాట్లు చూడుడు. లండనునగరపు వైద్యుడు జేమ్సు పార్కిన్సను 1817లో వణకురోగమును వర్ణించుచు చిన్న గ్రంథము వ్రాసెను. చేయి వణకుట, నడక ముందునకు తూలుట మున్నగు లక్షణములను చక్కగా గుర్తించెను. కాని మెదడులో నే భాగము చెడినదో ఆయనకు తెలియలేదు. మెదడు కాండమునందలి నల్లని పదార్థముగల చిన్న ప్రదేశము క్షీణించుటయే ముఖ్యకారణమని 1919లో త్రెత్యకాఫ్ అను పండితుడు మృతుల మెదడులను పరీక్షించి చూపెను. నడుమ నూటరెండేండ్లు గడచినవి! అట్లే జర్మనీదేశమున ఆల్జైమరు అను వైద్యుడు, మతి తప్పిన యొక స్త్రీని బ్రతికియుండగా పరీక్షించి, ఆమె మరణించిన పిదప ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందలి మచ్చలను, చిక్కుపడిన పోగులను 1906 నవంబరులో పండితసభకు నివేదించెను. ఆ వ్యాధి నేడాయన పేరనే పరగుచున్నది.

ఈ రెండు కథలయందును ఒక్కటే విషాదము. రోగి మరణించిన పిదప గాని రోగము రూపు తెలియలేదు. తెలిసిన తెలివి ఆ రోగి కేమియు నుపకరింపలేదు.

ఒక వస్తువును కోయక, కరగింపక, అది యెట్టిదో తెలిసికొనుట సాధ్యమా? సాధ్యమే. పూర్వము హైదరాబాదున హాలీసిక్కా చెల్లుచుండిన కాలమున సరాఫులు అనుమానపు రూకను రాతిపై మ్రోగించి చూచెడివారని మా పెద్దలు చెప్పగా వింటిని. మంచి వెండికి ఒక మ్రోత. సీసము కలిసినదానికి వేఱొక మ్రోత. చెవియే సాక్షి. సంగీత మెఱిగినవారికి మఱియొక యుదాహరణము కలదు. శ్రుతి కలిపిన రెండు తంబురాలను దగ్గఱనుంచి ఒకదానిని మీటినచో, రెండవదానియందు ఆ శ్రుతిగల తీగ తానుగా కంపించును. శ్రుతి కలియని తీగ కదలదు. దీనినే అనునాదమందురు. మన విద్యకు ఈ రెండే మూలములు: అనునాదముచేత కదలించుట, మ్రోతనుబట్టి గుర్తించుట.

ఇక మన తెలుగువాని కథ వినుడు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమార్లు తప్పి మూడవమారు కృతార్థుడయ్యెను. మదరాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని బోధ ననుసరించి ఖద్దరు ధరించి, శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గురియయ్యెను; అందుచే పూర్తి పట్టమునకు బదులు తక్కువతరగతి పట్టమే లభించెను. 1922లో అమెరికాలోని బోస్టనునగరమునకు బోయి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రులు రోగుల మలమూత్రపాత్రలను కడుగుచు హార్వర్డు విద్యాపీఠమున చదివెను.

అచట సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో గూడి, దేహద్రవములలో భాస్వరమెంత కలదో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ద్రవమునకు కొన్ని మందులు కలిపినచో నీలివర్ణము పుట్టును; ఆ నీలి యెంత చిక్కనైన, భాస్వరమంత హెచ్చు. ఇదే పద్ధతిని కండరముల రసమునకు ప్రయోగింపగా నొక వింత కనబడెను. నీలివర్ణము వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా పెరుగుచుండెను. మఱియొక డైనచో మందులలో లోపమని త్రోసివేసియుండును. వీరట్లు చేయలేదు. కండరమునందు ఇంతవఱకెవ్వరు నెఱుగని భాస్వరపదార్థ మొకటి కలదనియు, అది ఆమ్లము తగులగానే కొంచెము కొంచెముగా విరిగిపోవుచు భాస్వరమును విడుచుచున్నదనియు గ్రహించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని లోకమునకు వెల్లడించిరి. ఇంగ్లండులో ఎగ్లెటను దంపతులును ఆ కాలముననే అట్టి పదార్థము జాడను వేఱుగా కనుగొనిరి. 1929లో ఫిస్కె, సుబ్బారావులు ఏ.టి.పి. యను మఱియొక పదార్థమును గూడ కండరమునుండి వేఱుచేసిరి. జర్మనీలో లోమను పండితుడును అదే యేట దానిని స్వతంత్రముగా కనుగొనెను.

ఈ రెంటి పని యెట్టిదో గృహస్థుల భాషలో చెప్పెదను. ఏ.టి.పి. చేతిలోని చిల్లర, దేహము ఏ పని చేయవలసినను దానినే వెచ్చించును. ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలోని పైకము. చిల్లర తఱిగిన క్షణముననే దాని లోటును తీర్చును. ఈ వ్యవహారము కండరములందే కాదు, మెదడునందును జరుగును. మన మెదడు బరువు దేహమున నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను, విశ్రాంతిగా నున్న దేహము వెచ్చించు శక్తిలో నూటికి ఇరువది పాళ్లు దానికే చెల్లును. అంత వ్యయముగల సంసారమునకు నిలువ సొమ్ము తఱిగినచో నేమగునో మీరే యూహింపుడు.

అయితే సుబ్బారావుగారి పద్ధతిలో నొక చిక్కు కలదు. కండరమును కోసి, నూఱి, ఆమ్లముతో కలిపిన గాని లెక్క తెలియదు. బ్రతికియున్న మనుష్యుని మెదడున కది పనికిరాదు. ఆ చిక్కును విడదీసినది వేఱొక శాస్త్రము.

పరమాణువు నడుమనుండు కేంద్రకములలో కొన్ని సూక్ష్మమైన అయస్కాంతములవలె ప్రవర్తించును. ఉదజని కేంద్రకము అట్టిది. భాస్వర కేంద్రకమును అట్టిదే. వానిని బలమైన అయస్కాంతమునందుంచి తగిన శ్రుతిగల రేడియో తరంగమును పంపినచో, తంబురా తీగవలె కదలి, తిరిగి తమ మ్రోతను తాము వినిపించును. 1938లో రాబీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు అణుధారలయందు దీనిని చూపెను. 1945, 46 సంవత్సరముల సంధికాలమున, సుబ్బారావుగారు పనిచేసిన హార్వర్డు విద్యాపీఠముననే పర్సెల్, ఆయన సహచరులు మైనమునందును, స్టాన్‌ఫర్డున బ్లాక్, ఆయన సహచరులు నీటియందును ఈ మ్రోతను వినిరి. పర్సెల్, బ్లాక్‌లకు 1952లో నోబెల్ బహుమానము లభించెను.

తరువాత తెలిసినది ఇంకను ముఖ్యము. ఒకే ఉదజని వేఱువేఱు పదార్థములలో నున్నపుడు దాని మ్రోత కొద్దిగా మాఱును. ఆ భేదము పదిలక్షలలో ఒకటి రెండు పాళ్లు మాత్రమే. కాని సూక్ష్మయంత్రమున కది చాలును. 1951లో స్టాన్‌ఫర్డున ఆర్నాల్డ్, ధర్మట్టి, పకార్డు అను మువ్వురు శాస్త్రజ్ఞులు సారాయిని పరీక్షించి, అందలి ఉదజని మూడు స్థానములలో నున్నందున మూడు వేఱువేఱు గీతలు వచ్చుచున్నవని చూపిరి. వీరిలో ధర్మట్టి మన దేశీయుడు; తరువాత బొంబాయిలోని టాటా పరిశోధనసంస్థలో ఈ విద్యను నాటెను. ఆ సంస్థకు నేడు మన హైదరాబాదు శివారున గోపనపల్లెలో శాఖ కలదు. అచటను ఈ అనునాదవిద్య సాగుచున్నది.

ఈ విధముగా రెండు ప్రవాహములు వేఱువేఱుగా పారి, 1974లో ఆక్స్‌ఫర్డునందు కలిసినవి. రాడా మున్నగు పండితులు ఎలుక కాలి కండరమును నూఱక, ఆమ్లము పోయక, అట్లే అయస్కాంతమున నుంచి భాస్వరపు మ్రోతను వినిరి. కాగితముపై గీతలు లేచినవి. ఏ.టి.పి.కి మూడు గీతలు. ఫాస్ఫోక్రియాటిన్‌కు పొడుగైన గీత యొకటి. సుబ్బారావుగారు నీలివర్ణము నెమ్మదిగా పెరుగుటనుబట్టి యూహించి పట్టుకొనిన పదార్థము, తన స్వస్థానముననే విరుగక తన యునికిని తెలిపెను. కాని ఆ మహనీయుడు 1948 ఆగస్టులో 53వ యేటనే కీర్తిశేషుడయ్యెను.

తరువాతి యడుగులు త్వరగా పడినవి. 1983లో లండనున పసికందుల మెదడులను భాస్వరపు మ్రోతచేత పరీక్షించి, పుట్టుకలో ప్రాణవాయువు చాలని శిశువులలో ఫాస్ఫోక్రియాటిన్ తఱుగుట గనిరి. పిదప ఉదజని మ్రోతతో మనుష్యుల మెదడును పరీక్షించు పద్ధతి వృద్ధియైనది. ఇందు కష్టమొకటి కలదు. మెదడులో నీటి ఉదజని యపారము. తెలిసికొనవలసిన పదార్థముల ఉదజని దానికి వేలరెట్లు తక్కువ. జాతరలో నగారా మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినవలెనన్నట్లుండును. కావున ముందు నీటి మ్రోతను అణచి, పిదప తక్కినవానిని విందురు.

రోగిని ఆ గొట్టమువంటి యంత్రమున పరుండబెట్టుదురు. ఇందు ఎక్స్‌కిరణములు లేవు. సూదియు కత్తియు లేవు. పెద్దయాసుపత్రులలో సాధారణముగా వాడు మూడు టెస్లాల అయస్కాంతము భూమి అయస్కాంతశక్తికన్న అఱువదివేల రెట్లకు మించినది. దానియందు ఉదజని శ్రుతి సెకనుకు సుమారు 12 కోట్ల 80 లక్షల కంపనములు. మీరు వినుచుండు ఎఫ్.ఎం. రేడియో కేంద్రముల తరంగములు 8 కోట్ల 80 లక్షలకును 10 కోట్ల 80 లక్షలకును నడుమ నుండును. అనగా మన ప్రసంగములను మోసికొనివచ్చు తరంగముల జాతివే మెదడు సమాచారమును గూడ మోసికొనివచ్చుచున్నవి! ఉసిరికాయంత ప్రదేశమును ఎన్నుకొని కొన్ని నిమిషములు వినినచో గీతల వరుస యొకటి వచ్చును.

ఆ వరుసలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్. దీనిని 1956లో జంతువుల మెదడునందు గుర్తించిరి. ఇది ముఖ్యముగా నాడీకణములలో నుండును. ఆ కణములు నశించినను నీరసించినను ఈ గీత కుంగును. రెండవది క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లు కలిసి యిచ్చు గీత. మూడవది కోలీను, ఇది కణముల పొరలకు సంబంధించినది. నాలుగవది మయోఇనోసిటాల్, నాడీకణములకు పరిచర్య చేయు గ్లియాకణముల స్థితికి ఇది గుర్తని తలంతురు. 1993లో అమెరికాలో ఆల్జైమరు రోగులను పరీక్షించిన మిల్లరు, రాస్ ప్రభృతులు మొదటి గీత తగ్గుటయు, నాలుగవది పెరుగుటయు ప్రకటించిరి. ఆల్జైమరు మరణానంతరము సూక్ష్మదర్శినిలో చూచిన క్షయముయొక్క రసాయన చ్ఛాయ, జీవించియున్న మనుష్యునియందు కనబడినది! రెండవ గీత అంతగా మాఱదు గనుక తక్కిన గీతలను దానితో భాగించి చెప్పుట వాడుక. కావున నే దేశమునందైనను ఇట్టి లెక్క వేసినపుడెల్ల, భీమవరపు సుబ్బారావుగారు కనుగొనిన పదార్థము కొలమానములో పాలుపంచుకొనుచున్నది.

అయినను గోరంతలు కొండంతలు చేయరాదు. మొదటి గీత కుంగుట ఆల్జైమరు వ్యాధి కొక్కదానికే చెల్లదు. పక్షవాతమునందును, కంతులయందును కుంగును. వణకురోగమున ఫలితములు అన్నిచోట్ల నొక్కతీరుగ రాలేదు. యంత్రమునకును యంత్రమునకును లెక్క భేదించును. దేహములో కొన్నిరకముల లోహపు పరికరములు గలవారి కీ పరీక్ష యపాయకరము. వైద్యుడు రోగిని మాటలాడించి, ఇంటివారి నడిగి, తక్కిన పరీక్షలతో సరిచూచిన గాని ఒక్క గీతనుబట్టి తీర్పు చెప్పరాదు. పరిశోధకులకిది గొప్ప సాధనము. ప్రతి రోగికిని అవసరమైన పరీక్ష కాదు. ఇది మందును గాదు.

మందు లేనిచో తెలిసికొని ఫలమేమి? ఫలము కలదు. మతిమఱపెల్ల మెదడు క్షయముచేతనే రాదు. థైరాయిడు గ్రంథి మందగించుట, బి12 జీవసత్త్వము కొఱవడుట, తలకు దెబ్బతగిలి లోన నెత్తురు గూడుకట్టుట, దీర్ఘవిచారము - ఇవన్నియు మతిని మందగింపజేయును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. సామాన్యమైన రక్తపరీక్షయు, స్కానును చాలవఱకు నిర్ణయింపగలవు. నిజముగా క్షయరోగమైనచో, తొలిదశలోనే తెలిసిన మేలు. దాని గమనమును కొంత మందగింపజేయు మందున కొకదానికి 2023లో అమెరికాలో పూర్తి యనుమతి లభించినది; అదియు తొలిదశవారికే, కొలదిగానే. ముదిరిన పిదప నుపయోగము లేదు.

మా నగరమునుండి లోకమునకు పోయిన మఱియొక వార్త కలదు. పంజాగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థలో డాక్టరు అల్లాడి సువర్ణ, ఆమె సహచరులు 648 మంది మతిభ్రంశరోగుల వృత్తాంతములను పరిశీలించి 2013లో ఫలితము ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటలాడువారికి రోగము సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినదని తేలినది. చదువురానివారియందును ఈ భేదము కనబడినది. ఇతర దేశములలో జరిగిన పరిశీలనలన్నియు నిట్లే చెప్పలేదు. విచారణ ఇంకను సాగుచున్నది. అయినను ఇట్టి విచారణకు హైదరాబాదు తగిన స్థానము. చార్మినారు చెంత గాజులమ్మువాడు కొనువారినిబట్టి తెలుగును, దక్కనీయును గడియకొకమారు మార్చి మాటలాడును. దానిని మేము వ్యాపారపు నేర్పనుకొంటిమి; అది మెదడునకు వ్యాయామము గూడ కావచ్చునని ఈ పరిశీలన సూచించుచున్నది.

గ్రామములందలి పెద్దలకు నా మనవి యిది. మీ యింట గాని, ఇరుగుపొరుగున గాని వృద్ధులెవ్వరైన దారి మఱచుట, పైకము లెక్క తప్పుట, అడిగినదే యడుగుట కనబడినపుడు చాదస్తమని నవ్వకుడు, నటనయని కసరకుడు. దిష్టి తీసి యూరకుండకుడు. ఎన్నాళ్లనుండి, ఏయే పనులయందు మఱపు కలుగుచున్నదో కాగితముపై వ్రాసికొని దగ్గఱనున్న ప్రభుత్వ వైద్యునికి చూపుడు. కాలు విఱిగినవానిని నడువవేమని యెవ్వరును తిట్టరు. మెదడులోని గీత కుంగినవానిని జ్ఞాపకముంచుకొనవేమని తిట్టుట యంతకన్న న్యాయము గాదు.